టెక్సాస్ పల్లె కౌంటీల్లో డిప్యూటీ షెరీఫ్ ఉద్యోగం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను టెక్సాస్‌లో ఒక చిన్న కౌంటీ షెరీఫ్ ఆఫీసులో డిస్పాచర్‌ని, అంటే 911 ఫోన్లు ఎత్తి, డిప్యూటీలను రేడియోలో ఎక్కడికి వెళ్ళాలో చెప్పే సీట్లో కూర్చుంటా. ఈ సంగతి తెలిసిన మనవాళ్ళు ఎవరు ఫోన్ చేసినా ఇవే డౌట్లు, మా అబ్బాయి పోలీసు అవుతానంటున్నాడు ఎలా అని ఒకరు, గ్రీన్ కార్డుతో అవుద్దా అని ఇంకొకరు, అసలు వాళ్ళు చేసే పనేంటి ఊరికే కార్లు ఆపడమేగా అని మరొకరు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టా. ఇదంతా టెక్సాస్ సంగతి, అందులోనూ పల్లె కౌంటీల సంగతి, పక్క రాష్ట్రానికి వెళ్తే వయసు దగ్గర్నుంచి ట్రైనింగ్ దాకా రూల్స్ మారిపోతాయి.

## ముందు అసలు ఈ ఉద్యోగం ఏంటో

షెరీఫ్ అంటే మన ఎస్పీ లాంటోడా? డిప్యూటీ అంటే డీఎస్పీ అనుకోవచ్చా?

కాదండి. ఎస్పీని ప్రభుత్వం వేస్తుంది, ప్రభుత్వమే బదిలీ చేస్తుంది. షెరీఫ్‌ని జనం ఓట్లేసి గెలిపిస్తారు, నాలుగేళ్ళకోసారి, పార్టీ టికెట్ మీద. టెక్సాస్‌లో 254 కౌంటీలు, 254 మంది షెరీఫ్‌లు, ఒకరి మీద ఒకరికి పెత్తనం లేదు, గవర్నర్‌కి కోపం వచ్చినా ఇక్కడి షెరీఫ్‌ని తీసుకెళ్ళి ఇంకో కౌంటీలో పడేయలేడు. ఇక డిప్యూటీ అనే మాట విని పెద్ద ర్యాంకు అనుకుంటారు గానీ నిన్న చేరిన కుర్రాడు కూడా డిప్యూటీనే, షెరీఫ్‌కి ఉన్న అధికారాన్ని ఆయన తరఫున వాడే మనిషి అంతే. దాని పైన సార్జెంటు, లెఫ్టినెంటు, చీఫ్ డిప్యూటీ ఉంటారు, మరీ చిన్న కౌంటీల్లో ఈ ర్యాంకులు కూడా ఉండవు, షెరీఫ్, ఒక చీఫ్ డిప్యూటీ, మిగతా నలుగురైదుగురు. ముంబైలో, కోల్‌కతాలో కూడా షెరీఫ్ అని ఒకరుంటారు కానీ అది గౌరవ పదవి, దీనికీ దానికీ పొంతన లేదు.

సిటీ పోలీసులు, కానిస్టేబుళ్ళు, ట్రూపర్లు ఇంతమంది ఉండగా డిప్యూటీ ఎందుకు?

సిటీ పోలీసు ఊరి హద్దులోపల, వాళ్ళ చీఫ్‌ని మామూలుగా ఊరి యంత్రాంగమే వేసుకుంటుంది. ట్రూపర్ రాష్ట్రం మనిషి, ఎక్కువగా హైవేల మీద ఉంటాడు. కానిస్టేబుల్ అంటే ఇక్కడ కింది ఉద్యోగి కాదు, ఆయన కూడా ఎన్నికైనవాడే, కౌంటీలో ఒక ప్రీసింక్ట్‌కి, అంటే కౌంటీని పంచిన ముక్కల్లో ఒకదానికి, కింది కోర్టు కాగితాలు అందించడం ఆయన ముఖ్యమైన పని. గేమ్ వార్డెన్ వేట, చేపలు చూస్తాడు. ఇవన్నీ పోను మిగిలిన నేలంతా, అంటే ఊరి బోర్డు దాటిన దగ్గర్నుంచి పొలాలు, రాంచ్‌లు, మట్టిరోడ్లు, చెరువు పక్కన వేసుకున్న ట్రైలర్ ఇళ్ళు, అక్కడ ఫోన్ కొడితే వచ్చేది డిప్యూటీయే. ఊళ్ళోకి కూడా రావచ్చు, కౌంటీ మొత్తం అధికారం ఉంటుంది. హత్యల్లాంటి పెద్ద కేసులు పడితే చిన్న ఆఫీసుకు అంత సరంజామా ఉండదు కాబట్టి షెరీఫ్ టెక్సాస్ రేంజర్స్‌ని పిలుస్తాడు, వాళ్ళు రాష్ట్ర డీపీఎస్‌లో, అంటే డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లిక్ సేఫ్టీలో, ఒక విభాగం.

పల్లె కౌంటీ అంటే మరీ ఎంత పల్లె?

2020 జనాభా లెక్కల్లో లవింగ్ కౌంటీలో తేలింది 64 మంది. మన ఊళ్ళో ఒక పెళ్ళి భోజనాల మొదటి బంతికి సరిపోరు. దానికీ ఒక షెరీఫ్ ఉన్నాడు, ఎందుకంటే అక్కడ మనుషులు లేకపోయినా ఆయిల్ బావులు, ట్రక్కులు ఉన్నాయి. బ్రూస్టర్ కౌంటీ ఇంకో రకం, విస్తీర్ణంలో దాదాపు 16,000 చదరపు కిలోమీటర్లు, మన పాత ఉమ్మడి చిత్తూరు జిల్లా కంటే కాస్త పెద్దదే, కానీ చిత్తూరులో 2011 నాటికే 41 లక్షల మంది ఉంటే బ్రూస్టర్‌లో 10 వేల మంది కూడా లేరు. అందరూ ఇంత విపరీతం కాదు, 10 వేలు, 20 వేలు, 40 వేల జనం ఉన్న కౌంటీలే ఎక్కువ.

సినిమాల్లో చూపించేది కాకుండా రోజూ చేసే పని ఏంటి?

ఒక షిఫ్ట్ చెప్తా, మీకే అర్థమవుతుంది. పొద్దున కోర్టు ఉంటే జడ్జిగారి కోర్టులో కాపలా, జైల్లోంచి ముద్దాయిలను తీసుకురావడం తీసుకెళ్ళడం. ఆ మధ్యలో సివిల్ కాగితాలు, విడాకుల నోటీసు ఒకరికి, అప్పు దావా ఇంకొకరికి, అడ్రస్ మీద ఇల్లు దొరకదు, గేటుకి తాళం, లోపల కుక్కలు. మధ్యాహ్నం ఒక కూతురు ఏ డల్లాస్ నుంచో ఫోన్ చేస్తుంది, మా నాన్న రెండ్రోజుల్నుంచి ఫోన్ ఎత్తట్లేదు ఒక్కసారి చూడండి అని, దాన్ని వెల్ఫేర్ చెక్ అంటారు, చాలాసార్లు ఆయన ఫోన్ ట్రాక్టర్‌లో మర్చిపోయుంటాడు, కొన్నిసార్లు కాదు. సాయంత్రం బర్న్ బ్యాన్, అంటే బయట నిప్పు పెట్టకూడదన్న నిషేధం, ఉన్నరోజు చెత్త తగలబెట్టారని కంప్లైంట్, అది 500 డాలర్ల వరకు జరిమానా పడే నేరం, కానీ ముందు నిప్పు ఆర్పాలి, వాలంటీర్ ఫైర్ వాళ్ళు వచ్చేదాకా డిప్యూటీయే పార పట్టుకుంటాడు. రాత్రి మొగుడూ పెళ్ళాల గొడవ, ఇది మాత్రం తేలిగ్గా తీసుకునేది కాదు, డిప్యూటీలు అన్నిటికంటే ఎక్కువ భయపడేది దీనికే. వీటన్నిటి మధ్య కార్లు ఆపడం, యాక్సిడెంట్లు, దొంగతనాలు, ఇక ప్రతిదానికీ రిపోర్టు రాయడం. రిపోర్టు రాయడం చేతకాని డిప్యూటీ తుపాకీ ఎంత బాగా కాల్చినా కోర్టులో కేసు నిలబడదు, డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే ప్రభుత్వం తరఫున కేసు నడిపే లాయరు, ఆఫీసు వాళ్ళు ముందు చూసేది ఆ కాగితమే.

పశువుల గొడవలు కూడా డిప్యూటీయే చూడాలా?

చూడాలి, అది చట్టంలోనే ఉంది. తప్పిపోయిన పశువుని ఇక్కడ ఎస్ట్రే అంటారు, టెక్సాస్ వ్యవసాయ చట్టం ప్రకారం దాన్ని పట్టి ఉంచడం, యజమాని కోసం వెతకడం, నోటీసు ఇవ్వడం, ఎవరూ రాకపోతే వేలం వేయడం షెరీఫ్ బాధ్యత. మన ఊళ్ళల్లో బందెలదొడ్డి ఉండేది చూడండి, ఆ పనే. యజమాని వస్తే మేత ఖర్చు, పట్టిన ఖర్చు కట్టి తోలుకుపోవాలి.

నాకు రాత్రిపూట ఒళ్ళు జలదరించే ఫోన్ ఏదంటే తుపాకీ మోత కూడా కాదు, ఎఫ్‌ఎం రోడ్డు మీద నల్ల ఆవులు ఉన్నాయి అన్న ఫోన్. ఫార్మ్ టు మార్కెట్ రోడ్లకి లైట్లు ఉండవు, 70 మైళ్ళ స్పీడు, నల్ల యాంగస్ ఆవు కళ్ళు తప్ప ఏమీ కనపడదు. డిప్యూటీ వెళ్ళి కారు అడ్డంపెట్టి ఎర్రా నీలం లైట్లు వేసి, ఆవు చెవికున్న పోగు నంబరు టార్చి వేసి చదివి నాకు చెప్తాడు, నేను ఆ రోడ్డులో ఎవరెవరికి పశువులున్నాయో రాసుకున్న పాత నోటుబుక్కు తీసి ఒక్కొక్కరినీ నిద్రలేపుతా. ప్రతివాడూ నావి కాదనే అంటాడు, చివరికి వాళ్ళలోనే ఒకడు లుంగీలాంటిది చుట్టుకుని కాదులెండి పైజామా మీద బూట్లేసుకుని మేత బకెట్టు మోగించుకుంటూ వస్తాడు, ఆవులు ఆ చప్పుడుకి వెనకాలే పోతాయి. ఎవడి కంచె తెగిందో తేల్చే పని తెల్లారాక.

పశువుల దొంగతనమైతే వేరు, దానికి పశుపోషకుల సంఘం తరఫున పనిచేసే స్పెషల్ రేంజర్లు టెక్సాస్, ఓక్లహామాల్లో కలిపి సుమారు 30 మంది ఉన్నారు, డిప్యూటీ మొదటి రిపోర్టు రాసి వాళ్ళతో కలిసి పనిచేస్తాడు. పశువు మీద వేసే ముద్ర కౌంటీ క్లర్క్ దగ్గర రిజిస్టర్ అయి ఉంటుంది, పదేళ్ళకోసారి తిరగరాయించుకోవాలి, పోయినసారి 2021లో జరిగింది.

కారులో ఒక్కడే ఉంటాడా? ఏమైనా అయితే సాయం ఎంతసేపట్లో వస్తుంది?

ఒక్కడే ఉంటాడు. రాత్రిపూట కౌంటీ మొత్తానికి ఇద్దరుంటే అదృష్టం, ఒకరు ఉత్తరం కొసన ఉంటే ఇంకొకరు దక్షిణం కొసన. సైరన్ వేసుకుని వచ్చినా అరగంట పట్టే చోట్లున్నాయి, కొన్ని లోయల్లో రేడియో కూడా సరిగా అందదు. అందుకే పల్లె డిప్యూటీకి నోరు ముఖ్యం. ఎదుటివాడు తాగి అరుస్తున్నా గొంతు పెంచకుండా, వాళ్ళ నాన్న పేరు పెట్టి పలకరించి, ఏం బిల్లీ ఏమైంది అని మాటల్లో పెట్టి టైం లాగగలిగినవాడు ఇక్కడ బతికి బట్టకడతాడు. పెద్ద సిటీలో చేసి వచ్చిన కొందరికి ఇది త్వరగా అబ్బదు, ఐదు నిమిషాల్లో నాలుగు కార్లు వస్తాయనే అలవాటు మీద ఉంటారు.

మెంటల్ హెల్త్ కాల్స్ ఎక్కువంటారు, నిజమేనా?

నిజం, అదీ టైం మొత్తం తినేసే పని. ఒక మనిషి మానసిక స్థితి వల్ల తనకో ఇతరులకో హాని చేసుకునేలా ఉన్నాడని డిప్యూటీకి నమ్మకం కలిగితే వారెంట్ లేకుండానే ఆసుపత్రికి తీసుకెళ్ళే అధికారం టెక్సాస్ చట్టం ఇచ్చింది, దీన్ని ఎమర్జెన్సీ డిటెన్షన్ అంటారు, కోర్టు ఆర్డరు లేకుండా మామూలుగా 48 గంటలు దాటి ఉంచడానికి లేదు. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం, మా దగ్గర ఆసుపత్రిలో సైకియాట్రీ బెడ్ లేదు, బెడ్ దొరికింది మూడు గంటల దూరంలో, ముందు ఇక్కడ ఎమర్జెన్సీ రూంలో డాక్టర్ చూడాలి, అంతసేపూ డిప్యూటీ ఆ మనిషి పక్కనే కుర్చీలో కూర్చోవాలి, తర్వాత తీసుకెళ్ళాలి, తిరిగి రావాలి. షిఫ్ట్ అక్కడే అయిపోతుంది, కౌంటీలో మిగిలింది ఒక్క కారు. నా లెక్కలో ఈ ఉద్యోగంలో అసలు బరువు ఇదే, దీని గురించి అడిగేవాళ్ళు మాత్రం తక్కువ.

శవాలు దొరికితే పోస్ట్‌మార్టం అదీ ఎవరు చూస్తారు?

పెద్ద కౌంటీల్లో మెడికల్ ఎగ్జామినర్ ఉంటాడు. పల్లె కౌంటీల్లో చాలావరకు జస్టిస్ ఆఫ్ ద పీస్, అంటే కింది కోర్టు జడ్జి, ఆయన వచ్చి విచారణ చేసి చావు ఎలా జరిగిందో రాస్తాడు, ఆయన డాక్టరు అయ్యుండాల్సిన పనిలేదు. పోస్ట్‌మార్టం కావాలని ఆయన అంటే బాడీని వేరే కౌంటీకి పంపుతారు. డిప్యూటీ ఆ చోటుని ఎవరూ తొక్కకుండా కాపాడాలి, ఫోటోలు తీయాలి, ఆఖర్న ఇంటివాళ్ళకి కబురు చెప్పాలి, అది ఫోన్లో చెప్పరు, వెళ్ళి తలుపు కొట్టి చెప్తారు.

## అర్హతలు

వయసెంత ఉండాలి? పై వయసు హద్దు ఉందా?

21 ఏళ్ళు. అయితే అసోసియేట్ డిగ్రీ గానీ 60 కాలేజీ క్రెడిట్లు గానీ ఉంటే, లేదా మిలిటరీలో కనీసం రెండేళ్ళు చేసి మంచి డిశ్చార్జితో వస్తే 18కే అవ్వొచ్చు. పై హద్దు రాష్ట్రం పెట్టలేదు, నలభై దాటాక అకాడమీకి వెళ్ళి చేరినవాళ్ళు ఉన్నారు. ఇక ఎత్తు, ఛాతీ కొలతలు అడుగుతుంటారు, మన దగ్గర ఎస్సై, కానిస్టేబుల్ పోస్టులకి మగవాళ్ళు 167.6 సెంటీమీటర్లు ఉండాలి కదా, అలాంటి కొలత రాష్ట్రం రూల్స్‌లో ఇక్కడ లేదు. పరిగెత్తించే పరీక్ష పెట్టుకోవడం పెట్టుకోకపోవడం ఆ అకాడమీ, ఆ ఆఫీసు ఇష్టం.

చదువు ఎంత? బీటెక్, ఎంఎస్ ఉంటే ప్లస్సా?

హైస్కూల్ డిప్లొమా లేదా దానికి సమానమైన జీఈడీ పరీక్ష చాలు. ఎంఎస్ ఉందని పల్లె షెరీఫ్ ప్రత్యేకంగా మురిసిపోడు, పైగా వీడు రెండేళ్ళకి డాలర్లెక్కువని వెళ్ళిపోతాడేమో అని అనుమానపడతాడు. స్పానిష్ వస్తే మాత్రం నిజంగా ప్లస్సు. తుపాకీ కంటే ముందు స్పానిష్ నేర్చుకోండి అని నేను మన పిల్లలకి చెప్పే మాట.

గ్రీన్ కార్డుతో చేరొచ్చా? హెచ్1బీ, ఓపీటీ మీద?

హెచ్1బీ, ఓపీటీ అయితే లేదు. టెక్సాస్‌లో పీస్ ఆఫీసర్ లైసెన్స్‌కి అమెరికా పౌరసత్వం కావాలి. పుట్టుకతో వచ్చిందా, తర్వాత ప్రమాణం చేసి తీసుకున్నదా అన్న తేడా లేదు. 2023లో ఒక్క చిన్న సందు తెరిచారు, అమెరికా మిలిటరీలో కనీసం రెండేళ్ళు చేసి గౌరవంగా బయటికొచ్చిన గ్రీన్ కార్డు వాళ్ళు, పౌరసత్వానికి అప్లై చేసినట్టు చూపిస్తే ఒప్పుకుంటారు. కాలిఫోర్నియాలో పరిస్థితి వేరు, 2023 జనవరి నుంచి అక్కడ చట్టప్రకారం పనిచేసే అనుమతి ఉంటే పౌరసత్వం లేకపోయినా చట్టం అడ్డం చెప్పదు. అందుకే యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని నమ్మే ముందు వాళ్ళు ఏ రాష్ట్రం సంగతి చెప్తున్నారో చూసుకోండి.

కాలేజీలో ఉన్నప్పుడు డీడబ్ల్యూఐ పడింది, ఇక ఆశ లేదా?

మొదటిసారి తాగి నడిపిన కేసు టెక్సాస్‌లో మామూలుగా క్లాస్ బీ నేరం, చిన్న నేరాల్లో ఒక తరగతి, క్లాస్ ఏ దానికంటే పెద్దది, ఫెలనీ అంటే ఇంకా పెద్ద నేరం. క్లాస్ బీ శిక్ష గానీ దాని మీద కోర్టు పెట్టిన ప్రొబేషన్ గానీ గడిచిన పదేళ్ళలో ఉంటే లైసెన్స్ రాదు. పదేళ్ళు దాటితే రాష్ట్రం అడ్డం చెప్పదు, షెరీఫ్ తీసుకుంటాడా లేదా అన్నది వేరే సంగతి. క్లాస్ ఏ, ఫెలనీ అయితే ఎన్నేళ్ళయినా లేదు. ఇంట్లో కొట్టిన కేసులో శిక్ష పడితే శాశ్వతంగా లేదు, ఎందుకంటే 1996 నుంచి ఫెడరల్ చట్టం ప్రకారం అలాంటివాళ్ళు తుపాకీ పట్టడానికే లేదు. కేసు కొట్టేశారు కదా అని అప్లికేషన్‌లో రాయకుండా వదిలేయకండి, కేసు వల్ల పోయినవాళ్ళకంటే దాచిపెట్టి పోయినవాళ్ళే ఎక్కువ.

ఆడపిల్లలు చేరొచ్చా? గడ్డం, తలపాగా, బొట్టు ఉంటే?

ఆడవాళ్ళు చేరొచ్చు, ఆఫీసులకి వాళ్ళ అవసరం కూడా ఉంది, ఆడ ఖైదీలను తనిఖీ చేయడానికి, అత్యాచారం కేసుల్లో బాధితులతో మాట్లాడటానికి. వేషం విషయంలో ప్రతి షెరీఫ్‌కీ సొంత పాలసీ. హారిస్ కౌంటీలో, అది హ్యూస్టన్ ఉన్న పెద్ద కౌంటీలెండి పల్లె కాదు, 2015లో సిక్కు డిప్యూటీ సందీప్ ధాలివాల్‌కి గడ్డం, తలపాగాతో డ్యూటీ చేసే అనుమతి ఇచ్చారు. ఆయన్ని 2019 సెప్టెంబర్ 27న ఒక ట్రాఫిక్ స్టాప్‌లో వెనకనుంచి కాల్చి చంపారు, హ్యూస్టన్‌లో ఒక పోస్టాఫీసుకి ఆయన పేరు పెట్టారు. చిన్న కౌంటీలో అడిగితే ఇంతవరకు ఎవరూ అడగలేదే అనే జవాబు రావచ్చు, అది కాదని చెప్పడం కాదు, కూర్చుని మాట్లాడాలి.

## అప్లై చేసేటప్పుడు

నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది? ఒకటే పరీక్ష ఉంటుందా?

మన దగ్గర రిక్రూట్‌మెంట్ బోర్డు నోటిఫికేషన్ ఇచ్చినట్టు రాష్ట్రం మొత్తానికి ఒకటి ఉండదు. ప్రతి షెరీఫ్ ఆఫీసు విడిగా తీసుకుంటుంది, ఖాళీ పడినప్పుడే. కౌంటీ వెబ్‌సైట్లో అప్లికేషన్ ఉంటుంది, ప్రింటు తీసి నింపి చేత్తో పట్టుకెళ్ళి ఇస్తే ఇంకా మంచిది, మనిషిని చూసినట్టుంటుంది. చిన్న చోట షెరీఫే స్వయంగా ఇంటర్వ్యూ చేస్తాడు. లైసెన్స్ ఇచ్చేది, దాని పరీక్ష పెట్టేది మాత్రం రాష్ట్ర సంస్థ, టెక్సాస్ కమిషన్ ఆన్ లా ఎన్‌ఫోర్స్‌మెంట్, అందరూ టీకోల్ అంటారు.

బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఏమేం అడుగుతారు? ఇండియాలోని వివరాలు కూడానా?

పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ అని పుస్తకం మందాన ఫారం ఇస్తారు. ఇప్పటిదాకా ఉన్న ఇళ్ళు, చేసిన ఉద్యోగాలు, మానేసిన కారణాలు, అప్పులు, గంజాయి ఎప్పుడైనా తాగారా, మాజీ భార్య ఫోన్ నంబరు, అన్నీ. ఇండియాలో చదివినా పనిచేసినా అవీ రాయాలి, అక్కడి సర్టిఫికెట్లు ముందే తెప్పించుకుని పెట్టుకోండి, ఇక్కడి పరిశోధన చేసే డిప్యూటీకి మన యూనివర్సిటీకి ఎలా ఉత్తరం రాయాలో తెలియదు, ఆయన పని మీరు తేలిక చేస్తే మీ ఫైలు కదులుతుంది. వేలిముద్రలు తీస్తారు. డాక్టర్ పరీక్ష, డ్రగ్ టెస్టు అయ్యాక ఎల్-2 ఫారం, సైకాలజిస్టు చూశాక ఎల్-3 ఫారం, ఈ రెండూ లేకుండా లైసెన్స్ ముందుకు పోదు. కొన్ని ఆఫీసులు పాలిగ్రాఫ్, అంటే అబద్ధాలు పట్టే మిషన్ పరీక్ష, కూడా పెడతాయి. ఇరుగుపొరుగుని అడుగుతారు, కాబట్టి పక్కింటాయనతో పార్కింగ్ గొడవ ఉంటే ముందు అది సర్దుకోండి.

## అకాడమీ, లైసెన్స్

ట్రైనింగ్ ఎన్నాళ్ళు? డబ్బులు ఎవరు కడతారు?

బేసిక్ పీస్ ఆఫీసర్ కోర్సు 700 గంటలకు పైనే ఉంటుంది. పగటి క్లాసులైతే ఐదారు నెలలు, సాయంత్రం క్లాసులైతే దాదాపు ఏడాది. కమ్యూనిటీ కాలేజీల్లో, ప్రాంతీయ కౌన్సిళ్ళ అకాడమీల్లో నడుస్తాయి. చట్టాలు, అరెస్టు, సోదా, కారు నడపడం, తుపాకీ, ప్రథమ చికిత్స, మానసిక రోగులతో మాట్లాడటం, రిపోర్టు రాయడం. కౌంటీ ముందే ఉద్యోగం ఇచ్చి జీతంతో పంపితే అదృష్టం, లేకపోతే మీ జేబులోంచి కట్టుకుని చదివి తర్వాత ఉద్యోగం వెతుక్కోవాలి. కౌంటీ కడితే మాత్రం ఇన్నేళ్ళు ఇక్కడే చేయాలి, లేకపోతే ఖర్చు తిరిగివ్వాలి అని కాగితం మీద సంతకం తీసుకునే చోట్లున్నాయి, సంతకం పెట్టేముందు చదవండి.

లైసెన్స్ పరీక్ష కష్టమా?

250 ప్రశ్నలు, అన్నీ ఆప్షన్లు ఉన్నవే, 70 శాతం రావాలి. మూడు అవకాశాలు, మూడూ పోతే కోర్సు మళ్ళీ మొదట్నుంచి. పోటీ పరీక్షలు రాసి వచ్చిన మనవాళ్ళకి ఇది పెద్ద లెక్క కాదు, కానీ ఇక్కడి శిక్షాస్మృతి, ట్రాఫిక్ చట్టం కొత్త కాబట్టి బట్టీ కొడితే పడిపోతారు, ఒక సంఘటన ఇచ్చి ఇది ఏ నేరం అని అడుగుతారు. పాసైతే సరిపోదు, ఏదో ఒక ఏజెన్సీ మిమ్మల్ని అపాయింట్ చేస్తేనే లైసెన్స్ చేతికొస్తుంది.

చేరిన మొదటి రోజే కారు ఇచ్చి పంపేస్తారా?

పంపరు, ఫీల్డ్ ట్రైనింగ్ ఉంటుంది, పాత డిప్యూటీ పక్క సీట్లో కూర్చుని ప్రతిదానికీ మార్కులు వేస్తాడు. పల్లెలో దీనికి అదనంగా నేర్చుకునేది రోడ్లు. కౌంటీ రోడ్డు నంబర్లు వరసగా ఉండవు, ఏ వాగు వానకి ముంచుతుందో, ఏ గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుందో జీపీఎస్ చెప్పదు. ఆ తర్వాత కూడా చదువు అయిపోదు, రెండేళ్ళకోసారి కనీసం 40 గంటల ట్రైనింగ్, ఏటా తుపాకీ పరీక్ష.

## జైలు

మా వాడిని ముందు జైల్లో పని చేయమంటున్నారు, అవమానం కాదా?

కాదండి, అదే మామూలు దారి. కౌంటీ జైలు నడపడం టెక్సాస్‌లో షెరీఫ్ బాధ్యత, కొన్ని చిన్న కౌంటీలకి సొంత జైలు లేక పక్క కౌంటీకి డబ్బు కట్టి ఖైదీలను పంపుతారు గానీ ఉన్నచోట ఆఫీసులో ఎక్కువ మంది పనిచేసేది అక్కడే. జైలర్‌కి 18 ఏళ్ళు చాలు, టెంపరరీ లైసెన్స్ మీద చేరి ఏడాదిలోపు జైలర్ కోర్సు పూర్తి చేయొచ్చు. 48 మంది ఖైదీలకి కనీసం ఒక జైలర్, గంటకోసారి ప్రతి ఖైదీని కళ్ళతో చూడాలి, ఆత్మహత్య చేసుకుంటాడనో కొడతాడనో అనుమానం ఉన్నవాళ్ళని అరగంటకోసారి. 2015లో వాలర్ కౌంటీ జైల్లో సాండ్రా బ్లాండ్ చనిపోయాక 2017లో ఆమె పేరుతో చట్టం తెచ్చారు, అప్పట్నుంచి ఈ చూసే పనికి ఎలక్ట్రానిక్ సెన్సార్లు వచ్చాయి, చూడకుండా చూసినట్టు రిజిస్టర్‌లో రాయడం కష్టమైంది. జైల్లో పనిచేసిన కుర్రాడికి కౌంటీలో తరచూ గొడవపడే మనుషులందరూ పేరుపేరునా తెలిసిపోతారు, బయట గస్తీకి వెళ్ళినప్పుడు వాళ్ళే ఎదురవుతారు. జైల్లో మర్యాదగా చూసినవాడికి బయట దెబ్బలు తగలవు, ఇది పాత జైలర్లందరూ చెప్పేదే.

## జీతం, సెలవులు

జీతం ఎంత? ఐటీతో పోలిస్తే ఏమొస్తుంది?

ఐటీతో పోల్చకండి, బాధపడతారు. 2023లో టెక్సాస్ శాసనసభ సెనేట్ బిల్లు 22 తెచ్చింది, 3 లక్షలు అంతకంటే తక్కువ జనాభా ఉన్న కౌంటీలకి రాష్ట్రం గ్రాంటు ఇస్తుంది, దానికి బదులు షెరీఫ్‌కి ఏడాదికి కనీసం 75,000 డాలర్లు, గస్తీ తిరిగే డిప్యూటీకి 45,000, జైలర్‌కి 40,000 ఇవ్వాలి. కౌంటీ జనాభా 10 వేల లోపైతే గ్రాంటు 2,50,000 డాలర్లు, 50 వేల లోపైతే 3,50,000, ఆపైన 5,00,000. 45,000 కనీసం అని చట్టం పెట్టాల్సి వచ్చిందంటే అంతకు ముందు ఎంత ఉండేదో మీరే ఊహించుకోండి. పల్లెలో ఇల్లు చవక, చాలాచోట్ల డ్యూటీ కారు ఇంటికి తెచ్చుకోనిస్తారు. రిటైర్మెంటుకి కౌంటీ ఉద్యోగుల పథకం ఉంది, కౌంటీని బట్టి జీతంలో 4 నుంచి 7 శాతం కోస్తారు, కౌంటీ తనవంతు కలుపుతుంది.

ఓవర్‌టైం వస్తుందా?

ఇక్కడ మెలిక ఉంది. ఫెడరల్ చట్టంలో పోలీసులకి వారం లెక్క కాకుండా 28 రోజుల లెక్క పెట్టుకునే వీలుంది, అందులో 171 గంటలు దాటితే ఓవర్‌టైం. డబ్బు బదులు సెలవు గంటలుగా ఇవ్వొచ్చు, 480 గంటల దాకా పోగేసుకోవచ్చు, కానీ మనుషులే లేని ఆఫీసులో ఆ సెలవు వాడుకోవడానికి సందు ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, జైలర్లతో కలిపి ఐదుగురి కంటే తక్కువ మంది ఉన్న ఆఫీసులకి ఫెడరల్ ఓవర్‌టైం రూలే వర్తించదు. మరీ చిన్న కౌంటీలో చేరేటప్పుడు ఇది మొహమాటం లేకుండా అడగండి.

తుపాకీ, బుల్లెట్‌ప్రూఫ్ వెస్ట్ వాళ్ళే ఇస్తారా?

ఒక్కోచోట ఒక్కోలా. బడ్జెట్ షెరీఫ్ చేతిలో ఉండదు, కమిషనర్స్ కోర్టు అంటే కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు కలిసి పాస్ చేయాలి, వాళ్ళు రోడ్లకి కంకర ముందా డిప్యూటీలకి వెస్ట్ ముందా అని ఆలోచిస్తారు. తుపాకీ, బూట్లు సొంతంగా కొనుక్కునే కౌంటీలున్నాయి. వెస్ట్ ఇస్తే దాని మీద ఎక్స్‌పైరీ తేదీ చూసుకోండి, అవి పాతబడితే ఆపే శక్తి తగ్గుతుంది.

## ఉద్యోగంలో చేరాక

ప్రభుత్వ ఉద్యోగం కదా, పర్మనెంటేనా?

ఇది అందరూ పొరపాటుపడే చోటు. టెక్సాస్ చట్టంలో ఉన్న మాట ఏంటంటే డిప్యూటీ షెరీఫ్ ఇష్టం ఉన్నంతకాలమే పనిచేస్తాడు. పెద్ద కౌంటీల్లో సివిల్ సర్వీస్ రక్షణ, అంటే ఊరికే తీసేయకుండా కాపాడే రూల్స్, కొన్నిచోట్ల ఉంటుంది, పల్లెలో ఉండదు. షెరీఫ్ ఎన్నికలు అధ్యక్ష ఎన్నికల ఏడాదిలోనే, 2024లో జరిగాయి, మళ్ళీ 2028లో, గెలిచినవాడు జనవరి 1న కూర్చుంటాడు. పల్లెల్లో ఎక్కువచోట్ల మార్చిలో జరిగే రిపబ్లికన్ ప్రైమరీలోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్‌లోనే, ఎవరన్నది తేలిపోతుంది. కొత్త షెరీఫ్ వస్తే పాతవాళ్ళందరికీ మళ్ళీ ప్రమాణం చేయించి ఉంచుకోవాలన్న రూలేమీ లేదు, కొందరిని పక్కన పెట్టేస్తాడు, ఆ ఏడాది ఆఫీసులో ఎవరు ఎవరితో కాఫీ తాగారన్నది కూడా వార్తే. కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ఎవరి ఎన్నికల బోర్డూ మీ ఇంటిముందు పాతకండి, ఓటు మాత్రం వేయండి.

పూర్తి టైం కుదరదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో చేయొచ్చా?

చేయొచ్చు, రిజర్వ్ డిప్యూటీ అంటారు. చాలాచోట్ల జీతం ఉండదు. కానీ ట్రైనింగ్‌లో తగ్గింపు ఏమీ లేదు, అదే కోర్సు, అదే 250 ప్రశ్నలు, అదే బ్యాక్‌గ్రౌండ్ చెక్. హైస్కూల్ ఫుట్‌బాల్ రాత్రులు, కౌంటీ ఫెయిర్లు, వరదలు వచ్చినప్పుడు వీళ్ళే ఆదుకుంటారు. బ్యాడ్జి కోసం, ఫోటోల కోసం వచ్చినవాళ్ళు మొదటి ఎండాకాలంలో పార్కింగ్ డ్యూటీ వేశాక కనపడరు.

పల్లె రోడ్డు మీద డిప్యూటీ మమ్మల్ని ఆపితే ఏం చేయాలి? ఆయన వైపునుంచి చెప్పండి.

కారు దిగకండి. మన దగ్గర దిగి వెళ్ళి సార్ అని మాట్లాడటం మర్యాద, ఇక్కడ చీకట్లో ఒంటరిగా ఉన్న డిప్యూటీకి తన వైపు నడిచొచ్చే మనిషి అంటే చెయ్యి తుపాకీ మీదకి పోయే సంగతి. పక్కకి ఆపి, లోపల లైటు వేసి, చేతులు స్టీరింగ్ మీద పెట్టి కూర్చోండి. లైసెన్స్, ఇన్సూరెన్స్ అడిగాక, ఫలానా చోట ఉంది తీస్తున్నా అని చెప్పి తీయండి. వెనక సీట్లో ఉన్న అమ్మానాన్న గాభరాపడి సంచుల్లో పాస్‌పోర్టులు వెతకడం మొదలుపెడతారు, వాళ్ళని కదలకుండా కూర్చోమనండి. డబ్బు మాట అసలు ఎత్తకండి, 20 డాలర్ల నోటు చూపించినా లంచం కేసు ఫెలనీ, టికెట్‌తో పోయేది జైలు దాకా పోతుంది.

కొన్నేళ్ళు చేశాక పెద్ద కౌంటీకో సిటీకో మారొచ్చా?

మారొచ్చు, లైసెన్స్ రాష్ట్రానిది కాబట్టి టెక్సాస్‌లో ఎక్కడికైనా పనికొస్తుంది, అకాడమీ మళ్ళీ అక్కర్లేదు. అసలు పల్లె షెరీఫ్‌ల ఏడుపే అది, వాళ్ళు తయారుచేసిన కుర్రాళ్ళని పక్క సిటీ జీతం ఎక్కువిచ్చి లాక్కుపోతుంది. మానేసేటప్పుడు ఆఫీసు టీకోల్‌కి ఎఫ్-5 అనే రిపోర్టు పంపుతుంది, ఎలా వెళ్ళారో అందులో ఉంటుంది, తర్వాత మిమ్మల్ని తీసుకునే ఏ ఏజెన్సీ అయినా ముందు దాన్నే తెప్పించుకుంటుంది, కాబట్టి కాపీ చేతికి రాగానే కవరు విప్పి చదవండి.